పెరట్లో నాలుగు పెట్టలు: నగర చట్టం ఏది ఆపాలి?

(కెనడాలో ఆల్బర్టా రాష్ట్రంలోని క్యాల్గరీలో తెలుగు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

క్యాల్గరీ నగరంలో ఇంటి పెరట్లో కోడిపెట్టను పెంచుకోవడానికి చట్టం దారి ఇచ్చింది 2022 జనవరి 1న. అంతకు ముందు పుష్కరానికి పైగా దీని మీద గొడవ నడిచింది. నగర సభలో చర్చలు, పత్రికల్లో వాదోపవాదాలు, మధ్యలో ఒక కోర్టు కేసు. నాలుగు కోళ్ళ కోసం ఇంత రాద్ధాంతమా అని నన్ను అడిగినవాళ్ళు మనలోనూ ఉన్నారు. నాకు ఇది చిన్న విషయంగా కనిపించదు. ఒక కుటుంబం తన తిండిలో కాస్తంత తన చేతులతో పండించుకుంటానంటే నగరం ఎంతవరకు కాదనవచ్చు, ఏ కారణం చూపించి కాదనవచ్చు? ఈ రోజు నేను మాట్లాడేది దీని గురించే. నా మాట ముందే చెప్పేస్తాను. చట్టం ఆపవలసింది కంపును, ఎలుకలను, రోగాన్ని, తెల్లవారుజాము కూతను. కోడిని కాదు.

ముందు ఈ ఊరి కథ. పాల్ హ్యూస్ అనే ఆయనకి 2009లో పెరట్లో కోళ్ళు పెంచుతున్నందుకు నగరం జరిమానా టికెట్ ఇచ్చింది. ఆయన దొంగచాటుగా పెంచలేదు, నలుగురికీ చెప్పి మరీ పెంచారు. 'క్యాల్గరీ లిబరేటెడ్ అర్బన్ చికెన్ క్లబ్' అని ఒక సంఘం కూడా పెట్టారు. అప్పటి చట్టంలో కోడి పశువుల జాబితాలో ఉంది, ఊళ్ళో పశువులు ఉండకూడదు, అంతే. హ్యూస్ జరిమానా కట్టి ఊరుకోకుండా కోర్టుకెక్కారు. తిండి మనిషి హక్కు, ఆ తిండి ఎలా సంపాదించుకోవాలో తేల్చుకోవడమూ హక్కే, కెనడా రాజ్యాంగంలోని హక్కుల చార్టర్ దీన్ని కాపాడాలి అని వాదించారు. 2012లో ఆల్బర్టా ప్రొవిన్షియల్ కోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. గుడ్లు దొరికే దారులు వేరే ఉన్నప్పుడు సొంత కోడి ఉండటం ప్రాథమిక హక్కు కిందికి రాదన్నది తీర్పు సారం.

ఆ తీర్పు అన్యాయమని నేను అనను. కాకపోతే ఆ ఓటమి ఒక సంగతి తేటతెల్లం చేసింది. ఈ గొడవ కోర్టులో తెగేది కాదు, నగర సభలో కూర్చుని ఒక్కొక్క అభ్యంతరానికీ జవాబు చెబితేనే తెగుతుంది. అదీ తేలిగ్గా జరగలేదు. 2015లో ప్రయోగాత్మకంగా కొన్ని ఇళ్ళకి అనుమతిద్దామంటే నగర సభ వీల్లేదంది. అప్పటికే వ్యాంకూవర్ 2010లో ఒప్పుకుంది. మన ఆల్బర్టాలోనే ఎడ్మంటన్ 2014లో పైలట్ (కొన్ని ఇళ్ళకి ప్రయోగాత్మక అనుమతి) మొదలుపెట్టింది. ఆ ఊళ్ళు మునిగిపోలేదు. చివరికి 2021లో క్యాల్గరీ తన పెంపుడు జంతువుల చట్టాన్ని తిరగరాసినప్పుడు కోడికి చోటిచ్చింది. లైసెన్సు తీసుకోవాలి, తక్కువలో తక్కువ రెండు, ఎక్కువలో ఎక్కువ నాలుగు పెట్టలు, పుంజు కూడదు, శిక్షణ పొందాలి, ఇరుగుపొరుగుకి తెలియజెయ్యాలి, రాష్ట్ర వ్యవసాయ శాఖ దగ్గర స్థలం నమోదు చేయించి నంబరు తెచ్చుకోవాలి.

ఈ చివరి షరతు చూసి చాలామంది విసుక్కుంటారు. నేను మాత్రం దాన్ని సమర్థిస్తాను. ఎందుకో కాసేపట్లో చెబుతాను.

అసలు నగరాలు కోడిని ఎప్పుడు వెళ్ళగొట్టాయి? నూరేళ్ళ కిందట ఉత్తర అమెరికా పట్టణాల్లో పెరటి కోడి మామూలు దృశ్యం. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా వ్యవసాయ శాఖ పోస్టర్లు వేసి మరీ, ఇంట్లో మనిషికి రెండు పెట్టల చొప్పున పెంచమని ప్రజల్ని కోరింది. రెండో యుద్ధంలో బ్రిటన్‌లో గుడ్ల రేషన్ మనిషికి వారానికి ఒకటి. సొంతంగా కోళ్ళు పెంచుకునేవాళ్ళు గుడ్ల కూపన్లు వదులుకుంటే బదులుగా కోళ్ళ దాణా ఇచ్చేవారు. యుద్ధం అయిపోయాక సబర్బులు పెరిగాయి, గుడ్లు వేల కోళ్ళుండే షెడ్లలోంచి రావడం మొదలైంది, పచ్చిక పరిచిన పెరడు హోదాకి గుర్తయింది. పల్లెకి సంబంధించిన ప్రతిదాన్నీ పట్టణం నుంచి దూరం పెట్టాలన్న ధోరణిలో ఎక్కడికక్కడ స్థానిక చట్టాలు వచ్చాయి. ఆరోగ్యం కోసం రాసిన నిబంధన కొంత, గొప్ప కోసం రాసిన నిబంధన కొంత. ఏది దేనికోసమో ఇప్పుడు విడదీసి చూడాలి.

బ్రిటన్‌లో ఆశ్చర్యపోయే విషయం ఒకటుంది. అక్కడ 1950లో చేసిన అలాట్‌మెంట్స్ (అద్దెకిచ్చే చిన్న తోట మడుల) చట్టంలో 12వ సెక్షన్ ప్రకారం, అద్దె ఒప్పందంలోగాని భూమి దస్తావేజుల్లోగాని ఎన్ని నిషేధాలున్నా, వ్యాపారానికి కాకుండా ఉన్నంతవరకు ఎవరైనా తానుంటున్న స్థలంలో కోళ్ళనూ కుందేళ్ళనూ పెంచుకోవచ్చు. అయితే ఆరోగ్యానికి హాని చేసినా, ఇరుగుపొరుగుకి బాధ కలిగించినా ఈ రక్షణ ఉండదు. డెబ్బై ఏళ్ళు దాటిన ఆ సెక్షన్‌ను ఇప్పటి నగర చట్టాలు రాసేవాళ్ళు చదవాలని నా కోరిక. కోడికి అనుమతి, బాధకి నిషేధం. రెండు వాక్యాల్లో పని అయిపోయింది.

ఇప్పుడు అభ్యంతరాలకి వద్దాం. వాటిని కొట్టిపారేసే పద్ధతి నాకు నచ్చదు.

చప్పుడు సంగతి త్వరగా తేల్చేయొచ్చు. కూసేది పుంజు. పెట్ట గుడ్డు పెట్టాక కాసేపు కేకేస్తుంది, అది నలుగురు మనుషులు మాట్లాడుకునే చప్పుడును మించదు. పక్కింటి కుక్క అంతకంటే ఎక్కువ మొరుగుతుంది, దానికి మనం లైసెన్సు ఇస్తున్నాం. పుంజు విషయంలో నగరాల నిషేధం సబబే. గుడ్డు పెట్టడానికి పుంజు అక్కర్లేదని మన పెద్దవాళ్ళకి చెప్పనవసరం లేదుగాని, ఈ దేశంలో పుట్టిన మన పిల్లల్లో చాలామందికి తెలియదు. ఫ్రాన్స్‌లో ఒలెరాన్ దీవిలో మోరిస్ అనే పుంజు కూత మీద సెలవు ఇంటి యజమానులు కేసు వేస్తే, 2019లో కోర్టు పుంజు పక్షాన తీర్పు ఇచ్చింది, 2021లో పల్లె శబ్దాలనూ వాసనలనూ కాపాడే చట్టమే వచ్చింది. కానీ అది పల్లె. అడుగుల దూరంలో ఇంకొకరి పడకగది ఉన్న చోట ఆ తీర్పును మనం అరువు తెచ్చుకోకూడదు. మన దేశంలోనే, కేరళలోని అడూరులో 2025లో ఒకాయన పక్కింటి పుంజు తెల్లవారుజామున మూడింటికే లేపేస్తోందని ఫిర్యాదు చేశారు. అధికారులు స్థలం చూసి, మేడ మీదున్న కోళ్ళ గూటిని అక్కణ్ణించి తీసి ఇంటి దక్షిణం వైపుకి మార్చమన్నారు. కోళ్ళను పెంచొద్దనలేదు. సమస్య ఎక్కడుందో అక్కడ చెయ్యి పెట్టడమంటే అది.

కంపు, ఎలుకలు. ఇవి నిజమైన సమస్యలు. కోడి వల్ల కాదు, గూడు శుభ్రం చెయ్యకపోవడం వల్ల, దాణా రాత్రిపూట బయట వదిలెయ్యడం వల్ల వస్తాయి. ఈశాన్య క్యాల్గరీలో నాకు తెలిసిన ఒక తెలుగు కుటుంబం మూడు పెట్టల్ని పెంచుతోంది. ఆ గూటిని నేను దగ్గరగా చూశాను. బజార్లో 'చికెన్ వైర్' పేరుతో అమ్మే పల్చటి వల వాళ్ళు వాడలేదు. రకూన్ లాంటి జంతువు దాన్ని చింపేస్తుంది, ఎలుకపిల్ల కన్నాల్లోంచి దూరుతుంది. అర అంగుళం కన్నాలున్న గట్టి ఇనుప జాలీ కొట్టారు. తవ్వి దూరకుండా దాన్ని అడుగు లోతున నేలలోకి దింపారు. దాణా మూతున్న ఇనుప డబ్బాలో ఉంది. నేల మీద చెక్కపొట్టు మందంగా పరిచారు. రెట్ట అందులో కలిసి ఎండిపోతుంది, వాసన దాదాపు లేదు. వసంతం రాగానే ఆ పొట్టంతా ఎరువు కుప్పలోకి పోతుంది.

చలికాలంలో మైనస్ ముప్పై వచ్చినప్పుడు పెట్టలకి ఏమవుతుందని అడుగుతారు. ఈకలున్న పక్షి పొడి చలిని తట్టుకుంటుంది, తడి గాలిని తట్టుకోలేదు. అందుకని వాళ్ళు గూటి కన్నాలన్నీ మూసెయ్యలేదు. పైకప్పు కింద సన్నటి గాలిదారి వదిలారు. అది లేకపోతే పక్షుల ఊపిరిలోని తేమే తల మీది ఎర్రటి జుట్టు మీద గడ్డకట్టి అది నల్లబడి రాలిపోతుంది. బాగా చలిగా ఉన్న రాత్రుల్లో ఆ ఇల్లాలు ఒక్కొక్క పెట్టనీ ఒళ్ళో పెట్టుకుని జుట్టుకి వాజ్‌లైన్ రాస్తారు. నీళ్ళ గిన్నె గడ్డకట్టకుండా కింద చిన్న హీటరు ఉంది. డిసెంబరులో ఇక్కడ పగలు ఎనిమిది గంటలే కాబట్టి గుడ్లు దాదాపు ఆగిపోతాయి. ఆవిడ దానికి దీపం పెట్టలేదు, వాటికీ విశ్రాంతి కావాలి కదా అన్నారు.

పోయిన వేసవిలో ఆవిడ అత్తగారు తెనాలి దగ్గర పల్లె నుంచి వచ్చారు. వచ్చిన రెండో రోజే గూటి వైపు చూసి, "అమ్మాయ్, ఆ మూలనున్న పెట్ట కునుకుతోంది చూడు. దాన్ని ముందు విడిగా పెట్టు" అన్నారట. కోడలికి ఏ తేడా కనిపించలేదు. మర్నాటికి ఆ పెట్ట మేత మానేసింది. పశువైద్యుడి దగ్గరికి తీసుకెళితే లోపల గుడ్డు అడ్డుపడిందని తేలింది. బతికింది. కోళ్ళకి కొక్కెర తెగులు వస్తే వాడకట్టు మొత్తంలో ఒక్క కోడీ మిగలకపోవడం చూసిన తరం కన్ను అది. నగరం ఇచ్చే శిక్షణలో ఆ చూపు రాదు. మన ఇళ్ళకి వచ్చే పెద్దవాళ్ళ దగ్గర అది ఉంది, వాళ్ళు చెప్పేది రాసుకోండి. ఇంకో మాట. పెరటి కోళ్ళ మీద పరిశోధన కూడా మన గడ్డ మీద జరిగింది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ రకాలు షెడ్ల కోసం కాదు, ఇంటి పెరళ్ళ కోసమే.

రోగం సంగతి దగ్గర నేను మెత్తగా మాట్లాడను. ఒక్క 2020లోనే అమెరికాలో పెరటి కోళ్ళ వల్ల సాల్మొనెల్లా అనే బాక్టీరియా సోకి 1,722 మంది జబ్బుపడినట్టు అక్కడి రోగ నియంత్రణ సంస్థ లెక్కకట్టింది. అది లెక్కకి అందినంత మటుకే. వాళ్ళు ప్రతి ఏడాదీ చెప్పే జాగ్రత్తల్లో ఒకటి, కోడిపిల్లల్ని పిల్లలు ముద్దుపెట్టుకోకుండా చూడమని. కోడిని ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి, గూట్లోకి వెళ్ళే చెప్పులు ఇంట్లోకి రాకూడదు. ఐదేళ్ళ లోపు పిల్లలున్న ఇంట్లో ఇది పాటించలేమనుకుంటే ఇంకో నాలుగేళ్ళు ఆగండి.

ఇక పక్షి జ్వరం. 2004లో బ్రిటిష్ కొలంబియాలోని ఫ్రేజర్ లోయలో వచ్చినప్పుడు కోటికి పైగా పక్షుల్ని చంపాల్సి వచ్చింది. రోగం సోకినవి 42 వ్యాపార ఫారాలు, 11 పెరటి మందలు. ఈ అంకెల్ని రెండు పక్షాలూ వాడుకుంటాయి. ఎక్కువ సోకింది పెద్ద షెడ్లకే కదా అని మనవాళ్ళంటారు. పెరళ్ళలోనూ ఉంది కదా అని వాళ్ళంటారు. ఇద్దరి మాటా నిజమే. అందుకే నమోదు నంబరు అడగడాన్ని నేను సమర్థిస్తానన్నాను. అడవి బాతుల ద్వారా వచ్చే రోగం ఎక్కడ తేలినా, చుట్టుపక్కల పక్షులు ఎక్కడున్నాయో వ్యవసాయ శాఖకి తెలియాలి. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2024 అక్టోబరు నుంచి ఒక్క కోడి ఉన్నా నమోదు తప్పనిసరి. నిషేధం ఉన్న ఊళ్ళో ఏమవుతుందో ఆలోచించండి. కోళ్ళు ఉండకుండా పోవు, కనపడకుండా పోతాయి. రోగం వచ్చిన పెట్టని భయపడి చెత్తబుట్టలో పడేస్తారు, ఎవరికీ చెప్పరు. నిషేధం వల్ల రోగం మీద నిఘా పోతుంది. ఈ ఒక్క కారణం చాలు, నియమాలతో కూడిన అనుమతే మేలని చెప్పడానికి.

టొరంటో మాత్రం వెనక్కి వెళ్ళింది. 2018లో నాలుగు వార్డుల్లో పైలట్ పెట్టి, పక్షి జ్వరం భయాన్ని కూడా లెక్కలోకి తీసుకుని 2023లో దాన్ని ముగించాలని నిర్ణయించింది. వచ్చిన అనుమతి ఎప్పటికీ ఉంటుందనుకోవడానికి లేదు. నమోదు చేసుకోకుండా పెంచే ప్రతి ఇల్లూ నియమాలు పాటించే ఇళ్ళకి నష్టం చేస్తోంది.

ఇంకొక అన్యాయం గురించి చెప్పాలి, ఇది నన్ను ఎక్కువగా బాధపెట్టేది. నిషేధం ఉన్న చోట నగర సిబ్బంది ఇంటింటికీ తిరిగి కోళ్ళను వెతకరు. ఎవరైనా ఫిర్యాదు చేస్తే వస్తారు. అంటే అక్కడ నడిచేది చట్టం కాదు, పొరుగువాడి ఇష్టం. నలుగురితో కలిసిమెలిసి ఉండే పాతకాపు పదేళ్ళు కోళ్ళు పెంచినా ఎవరూ అడగరు. కొత్తగా వచ్చిన కుటుంబం, వేరే భాష మాట్లాడేవాళ్ళు, అద్దెకున్నవాళ్ళు వారం తిరక్కుండా టికెట్ అందుకుంటారు. తోటకూర మీద, బట్టలారేసే తీగ మీద, పెరట్లో వేసిన ఆనపపాదు మీద వచ్చే ఫిర్యాదులూ ఈ బాపతే. స్పష్టమైన కొలతలుంటే ఈ పక్షపాతం సాగదు. వ్యాంకూవర్ నియమాలు చూడండి. పెట్టకి 0.37 చదరపు మీటర్ల గూడు, 0.92 చదరపు మీటర్ల తిరిగే చోటు, తలుపులకీ కిటికీలకీ మూడు మీటర్ల దూరం. టేపు పట్టుకుని కొలిస్తే తేలిపోతుంది. ఎవరి మొహం చూసి తీర్పు చెప్పాల్సిన పని లేదు.

అమెరికాలో ఉన్న మన బంధువులకి ఇంకో అడ్డంకి ఉంది. నగరం ఒప్పుకున్నా కాలనీ యజమానుల సంఘం ఒప్పుకోదు. టెక్సస్‌లో ఆస్టిన్ నగరం కోళ్ళ పెంపకం తరగతికి హాజరైనవాళ్ళకి గూడు కొనుక్కోవడానికి 75 డాలర్ల దాకా తిరిగి ఇచ్చే పథకం పెట్టింది, వంటింటి వ్యర్థాలు చెత్తకుప్పకి పోకుండా ఉంటాయని. అదే నగరంలో సంఘం నిబంధనలున్న కాలనీలో ఇల్లు కొన్నవాళ్ళు ఆ డబ్బు ముట్టుకోలేకపోవచ్చు. ఇల్లు కొనేముందు ఆ కాగితాలు చదవమని మన పిల్లలకి చెప్పండి. సంతకం పెట్టాక వాదించి లాభం లేదు.

ఇప్పుడు పర్యావరణం. మన పక్షం వాళ్ళు అతిగా చెప్పేది ఇక్కడే. నా కోడీ నా కుంపటీ లేకపోతే ఊరికి తెల్లవారదనుకున్న ముసలమ్మలా, మన నాలుగు పెట్టలతో భూగోళం చల్లబడుతుందని నగర సభలో చెప్పకండి. గుడ్డు వల్ల వాతావరణానికి జరిగే నష్టంలో పెద్ద భాగం దాణాది. సోయా, మొక్కజొన్న ఎక్కడో పండి, లారీల్లో వచ్చి, సంచుల్లో అమ్ముడవుతాయి. పెట్ట రోజుకి సుమారు 120 గ్రాముల మేత తింటుంది. అదంతా కొన్న దాణాయే అయితే మీ గుడ్డుకీ అంగడి గుడ్డుకీ ఆ విషయంలో పెద్ద తేడా ఉండదు. డబ్బు కూడా మిగలదు. గూటి ఖర్చు రాబట్టుకోవడానికి ఏళ్ళు పడుతుంది. తేడా వచ్చేది ఆకుకూరల కాడలు, మిగిలిన అన్నం, పెరట్లో పురుగులు, కలుపు మొక్కలు పెట్టలకి మేతైనప్పుడు, రెట్ట మళ్ళీ మడిలోకి వెళ్ళినప్పుడు. ఫ్రాన్స్‌లోని కొల్మార్ ప్రాంత పాలక సంస్థ చెత్త తగ్గించడానికి 2015 నుంచి ఇళ్ళకి కోళ్ళను పంచింది. సముద్రం దాటితే ఇంగ్లండ్‌లో వంటింట్లోంచి వచ్చిన వ్యర్థాలు కోడికి వెయ్యడం నేరం, పూర్తి శాకాహారం, పాలుకూడా లేని వంటిల్లయితే తప్ప. పశువుల రోగాలతో 2001లో తిన్న దెబ్బ అలాంటిది. రెండు దేశాలకీ వాటి కారణాలున్నాయి. నేను కొల్మార్ వైపే, మాంసం ముక్కలు మాత్రం పెట్టొద్దన్న షరతుతో.

మరి లాభమేమిటి అంటారా? ఈ దేశంలో ఇప్పటికీ చాలా పెట్టలు బోనుల్లోనే బతుకుతున్నాయి. పాత తరహా బోనులు పూర్తిగా పోవడానికి 2036 దాకా గడువు పెట్టుకున్నారు. పెట్టను రోజూ చూసే పిల్లవాడు, దానికి జబ్బు చేస్తే బెంగపడే పిల్లవాడు, పెద్దయ్యాక అంగట్లో ఏ గుడ్డు కొనాలో ఆలోచిస్తాడు. ఈ మార్పును నేను అంకెల్లో చూపించలేను, అయినా దీన్ని నమ్ముతాను. నగరం దీన్ని నిషేధించడానికి బలమైన కారణం చూపించాలి, అలాంటిది ఇంతవరకు నాకు కనిపించలేదు.

చివరగా ఎవరూ అడగని విషయం. సంకరజాతి పెట్ట రెండు మూడేళ్ళు బాగా గుడ్లు పెడుతుంది. ఆ తరవాత తగ్గిపోతుంది. బతకడం మాత్రం ఏడెనిమిదేళ్ళు బతకగలదు. మన ఊళ్ళో అయితే ఏం చేసేవాళ్ళో అందరికీ తెలుసు. ఇక్కడ చాలా నగరాల్లో పెరట్లో కొయ్యడం నిషేధం. వ్యాంకూవర్ చట్టంలో అది స్పష్టంగా రాసి ఉంది. నాలుగే ఉండాలన్న పరిమితిలో గుడ్లు పెట్టని నాలుగు ముసలి పెట్టలుంటే కొత్తవి తెచ్చుకోలేరు. అప్పుడు కొందరు ఊరి బయట పార్కుల్లో వదిలేస్తారు, అది నక్కలకి అప్పగించడమే. కోడిని తెచ్చుకునే ముందే ఇంటిల్లిపాదీ కూర్చుని తేల్చుకోండి. చివరిదాకా మేపుతారా, లైసెన్సున్న కబేళాకి తీసుకెళతారా, పశువైద్యుడి ఖర్చు భరిస్తారా? జవాబు లేకపోతే దరఖాస్తు పెట్టకండి. ఈ ప్రశ్న నగర శిక్షణలోనే గట్టిగా అడగాలని నేను నగర సభకి రాసి పంపాలనుకుంటున్నాను. కాగితం ఆ బల్ల మీద ఉంది, చదివి ఒప్పుకున్నవాళ్ళు సంతకం చెయ్యండి. ఇప్పుడు ప్రశ్నలు తీసుకుంటాను. అద్దె ఇళ్ళల్లో ఉన్నవాళ్ళవి ముందు.